పంపు ఎవరి దగ్గర ఉంది?

కంభం,
ఆదివారం

చిరంజీవి బంగారుతల్లికి కంభం తాత దీవించి రాయునది ఏమనగా,

ఇక్కడ నేనూ మీ అవ్వా క్షేమం. మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "మామా, ఈ పిల్ల ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటేసుకుని ఒంగోలు నుంచి నంద్యాల దాకా సైకిలు మీద పోతానంటోంది, నల్లమల దాటుతానంటోంది. నా మాట వినడం లేదు, నువ్వైనా చెప్పు" అన్నాడు. చెప్తాలే అన్నాను. కానీ ఫోన్ పెట్టేశాక నిన్ను ఆపాలనిపించలేదు. మన ఇంటి ఆడపిల్ల తన కాళ్ళ సత్తువతో కొండ దాటబోతోందని మీ అవ్వకు చెబుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది. ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే తాతా, సరే తాతా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముగ్గురూ చదవండి.

వెళ్ళేదేదో సంక్రాంతిలోపే వెళ్ళండి. ఇప్పుడైతే గాలి తూర్పు నుంచి వీస్తుంది, పడమటికి పోయేవాళ్ళను వెనకనుంచి తోస్తుంది. ఎండలు ముదిరాక మన పడమటి మండలాల్లో వడగాలి మొహం మీదే కొడుతుంది, నోట్లో తడి ఉండదు.

బ్రేకులు, చైను, లైట్లు బయల్దేరే ముందు షాపులో చూపించుకో. హెల్మెట్ తియ్యొద్దు. బరువు వీపున మోయకుండా సైకిలుకే కట్టు.

ఒంగోలు నుంచి తెల్లవారుజామునే కదలండి. చీమకుర్తి దాటేదాకా గ్రానైటు లారీలు ఉంటాయి. ఒక్కో లారీ మీద గదంత బండ. లారీ పక్కనుంచి పోయేటప్పుడు గాలి ముందు నిన్ను బయటికి తోస్తుంది, వెంటనే లోపలికి లాగుతుంది. ఆ లాగేటప్పుడే సైకిలు తూలేది. లారీ చప్పుడు వినగానే హ్యాండిలు గట్టిగా పట్టుకో, పందేనికి పోవద్దు. పొదిలిలో మీ తాత ఇంటి అరుగు మీద కాసేపు కూర్చోండి. తాళం పక్కింటివాళ్ళ దగ్గర ఉంది.

పొదిలి దాటాక నేల మారిపోతుంది. ఎర్రమట్టి, రాళ్ళగుట్టలు, ఎటు చూసినా చిల్లకంప. నీడ కనబడినచోట ఆగండి, తర్వాతి నీడ ఎంత దూరమో చెప్పలేం. ఈ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళు గారపట్టిన పిల్లలను, నడుము వంగిపోయిన పెద్దలను నువ్వే చూస్తావు. ఒక్కపూట తాగితే ఏం కాదు గానీ, ఆ నీళ్ళు ఉప్పగా కూడా ఉంటాయి, దాహం తీరదు. చాలా ఊళ్ళల్లో ఫిల్టరు నీళ్ళ ప్లాంటు ఉంటుంది, అక్కడ నింపుకోండి. మధ్యాహ్నం ఉప్పేసిన మజ్జిగ తాగండి. కూల్‌డ్రింకులు వద్దు.

ఇంకో సంగతి, పల్లేరుకాయ. టౌన్లో పెరిగినదానివి, నీకు తెలియకపోవచ్చు. శనగగింజంత కూడా ఉండదు, చుట్టూ ముళ్ళు. దాన్ని ఎలా పడేసినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. రోడ్డు అంచున ఎండిన గడ్డిలో కలిసిపోయి కనబడదు. మూత్రానికనో, ఫొటోకనో సైకిలును తారు మీంచి మట్టిలోకి దింపితే, మళ్ళీ ఎక్కే ముందు రెండు టైర్లూ అరచేత్తో ఒకసారి తుడవండి. గుచ్చుకోగానే గాలి పోదు. ముల్లు లోపలే ఉండి, ఓ మైలు దూరం పోయాక పోతుంది. ఈ కాయ గురించి ఇంతెందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మొదటి రాత్రి మార్కాపురంలో పడుకోండి. పలకల కార్ఖానాలు చూడండి, మీ నాన్న అక్షరాలు దిద్దింది అక్కడి పలకల మీదే. రెండోరోజు మా ఇంటికి భోజనానికి వస్తారు. కంభం నుంచి నంద్యాలకు ఒక్కరోజులో పోదామని నీ ప్లానట. వద్దు. అలా పోతే మిట్టమధ్యాహ్నం కనుమ ఎక్కుతారు, చీకటిపడే వేళకు అడవిలో ఉంటారు. భోంచేసి, చెరువుకట్ట మీద కాసేపు కూర్చుని (ఐదు వందల ఏళ్ళ నాటి చెరువు తల్లీ, విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట కట్టారు), చల్లబడ్డాక గిద్దలూరు పోయి పడుకోండి. మూడోరోజు వెలుగు రాగానే అడవిలోకి పోయి, మధ్యాహ్నానికల్లా అడవి అవతల గాజులపల్లెలో ఉండాలి. ఆ అడవి దారిలోనే పచ్చర్ల దగ్గర 2024లో చిరుత దాడిలో ఒకామె ప్రాణం పోయింది. పొద్దు పొడవక ముందు, పొద్దు వాలాక అడవి మనది కాదు. గిద్దలూరులో మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్ళు నింపుకోండి.

ఇక నల్లమలలో పాత రైలు దారి వెంట పోదామన్న నీ ఆలోచన. నువ్వు పంపిన వీడియో చూశాను. స్పెయిన్‌లో పట్టాలు తీసేసిన దారులను చదును చేసి, సొరంగాల్లో దీపాలు పెట్టి సైకిళ్ళకు వదిలారు. పచ్చదారులని పేరట. చూస్తుంటే కడుపు నిండింది. రైలుకు ఏటవాలు పడదు. నూరడుగులకు అడుగో రెండడుగులో తప్ప ఎక్కనివ్వరు, అందుకే కొండల్లో చుట్టూ తిప్పుకుంటూ పోతారు. అలాంటి దారి సైకిలుకు హాయి. కానీ మన దగ్గర ఎవరూ ఆ పని చెయ్యలేదు. ఈ లైను తెల్లవాళ్ళు 1880ల్లో వేసిన మీటరుగేజి, అంటే ఇరుకు పట్టాల దారి. నేను ముప్ఫై ఏడేళ్ళు దీని మీద పనిచేశాను. 1990ల్లో వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజి వేసినప్పుడు అడవిలో లైనును వేరేదారికి మళ్ళించి లోయ మీది దొరబావి రైలు వంతెనను వదిలేశారు. పట్టాలు తీసినచోట కంకర మిగిలింది. కంకరలో సైకిలు టైరు దిగబడుతుంది, తోసుకుపోవడం కూడా కష్టం. పొదలు కమ్మేసిన తూము దగ్గర కింద నేల ఉందో లేదో కనబడదు. పైగా అది పులుల అభయారణ్యం. ఫారెస్టు వాళ్ళ అనుమతి కాగితం చేతిలో ఉండి, వాళ్ళ మనిషి వెంట వస్తేనే అటు పోవాలి. లేకపోతే రోడ్డు మీదే ఉండండి.

నడుస్తున్న లైను మీద అడుగు కూడా పెట్టొద్దు. రైల్వే చట్టం 147 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. దానికి కాదు నా భయం. మా కాలంలో ఆవిరి ఇంజను రెండు మైళ్ళ దూరంలో ఉండగానే తెలిసేది. ఇప్పటి కరెంటు ఇంజను వంపు తిరిగి మీద పడేదాకా చప్పుడు ఉండదు. అలా పోయిన మనుషులను నేను చూశాను. దాని గురించి ఇంక రాయలేను.

ఇప్పుడు అసలు సంగతి.

1978 శివరాత్రి. నాకు ఇరవై ఆరు, మీ పొదిలి తాతకు ఇరవై నాలుగు. ఆయన చెల్లెలు మీ అవ్వతో నాకు పెళ్ళి ఖాయమైంది. బావాబావమరుదులం సైకిళ్ళ మీద మహానంది పోయి జాగారం చేసొద్దామని బయల్దేరాం. రెండు హెర్క్యులిస్ సైకిళ్ళు, ఒకే పంపు. సొల్యూషన్ ట్యూబు, రబ్బరు ముక్కలు, గరుకు కాగితం గుడ్డసంచిలో పెట్టి నా హ్యాండిలుకు తగిలించాను. పంపు నా సైకిలు బారుకు కట్టాను.

గిద్దలూరు దాటి ఎక్కుడు మొదలయ్యాక ఆయన వెనకబడ్డాడు. పొద్దున్నుంచి కాళ్ళు పీకుతున్నాయంటూనే ఉన్నాడు. నావి రోజూ పట్టాల వెంబడి నడిచే కాళ్ళు. ఆగి ఆగి తొక్కడం విసుగేసింది. "నువ్వు మెల్లగా రా బావా, నేను గాజులపల్లెలో ఉంటా" అని ముందుకు పోయాను. ఆయన చెయ్యి ఊపాడు.

నేను మలుపు తిరిగిన కాసేపటికే ఆయన ముందు చక్రంలో గాలి పోయింది. నేను వెనక్కి వస్తానని అక్కడే చెట్టు కింద కూర్చున్నాడు. ఆయన వస్తాడని నేను గాజులపల్లె టీ బంకు దగ్గర కూర్చున్నాను. పన్నెండయింది, రెండయింది, నాలుగయింది. ఆయాసం వచ్చి గిద్దలూరికి తిరిగిపోయి ఉంటాడులే అనుకున్నాను. వెనక్కి పోయి చూడలేదు, తల్లీ. మహానందికి పోయాను. అక్కడి కోనేటి నీళ్ళలో అడుగున పడిన బిళ్ళ కూడా కనబడుతుంది. అందులో మునిగి లేచి, రాత్రంతా భజనలో కూర్చున్నాను.

ఆయన పొద్దుగూకేదాకా చూశాడు. రోడ్డు మీద పోయే ఒకటీ అరా లారీ ఆగలేదట. సైకిలును పొదల్లో పెట్టి, పట్టాల వెంట పోతే స్టేషన్ వస్తుంది, మనిషి ఉంటాడని రైలు కట్ట ఎక్కాడు. దారిలో దొరబావి వంతెన. ఆ వంతెన మీద చీకట్లో పట్టాల కింది ఒక్కో స్లీపరు దుంగనూ చేత్తో తడుముకుంటూ పాకుతూ దాటాడు. సందుల్లోంచి కింద ఏమీ కనబడలేదట, గాలి మాత్రం మొహానికి తగిలేదట. అవతలికి చేరాక గూడ్సు వచ్చింది. పక్కకు దూకితే కంకర జారి, కట్ట కింద బండకు మోకాలు కొట్టుకుంది. తెల్లారి పట్టాలు చూసుకుంటూ వచ్చిన కీమేన్ లేపేదాకా అక్కడే పడి ఉన్నాడు.

తిరుగుదారిలో గాజులపల్లె స్టేషన్ దగ్గర నన్ను ఎరిగిన పోర్టరు కేకేసి పిలిచాడు. లోపల బెంచీ మీద మీ తాత. మోకాలికి పోర్టరు తువ్వాలు చుట్టి ఉంది, మధ్యలో నల్లగా రక్తం గడ్డకట్టింది. నన్ను చూసి, తిట్టకుండా, "పంపు తెచ్చావా బావా?" అన్నాడు. తర్వాత నేనే పోయి ఆ సైకిలు వెతికి తెచ్చాను. ముందు టైరులో ఒక్క పల్లేరుకాయ ఉంది. గోటితో పీకితే వచ్చింది.

ఇంట్లో వాళ్ళకు "సైకిలు మీంచి పడ్డాను" అని చెప్పాడు. నిజం తెలిస్తే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందని. ఆయన ఎడమకాలు ఈడ్చి నడవడం నీకు తెలుసు. పొదిలి వీధిలో నీకు సైకిలు నేర్పినప్పుడు సీటు పట్టుకుని వెనక పరిగెత్తింది ఆ కాలుతోనే. ఆయన పోయి మూడేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. నిన్న రాత్రి మీ అవ్వకు చెప్పాను. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున లేచి నాతో మాట్లాడకుండా నువ్వులు వేయించడం మొదలుపెట్టింది, మీ ముగ్గురికీ ఉండలు చేస్తోంది.

కాబట్టి ఇది విను. ముగ్గురికీ మూడు పంపులు, మూడు స్పేర్ ట్యూబులు, ఎవరివి వాళ్ళ సైకిలు మీదే. నీ ట్యూబుకు సన్నని వాల్వట, మిగతా ఇద్దరివి మోటారుసైకిలు లాంటి లావు వాల్వులట. ఒకరి పంపు ఇంకొకరికి పడుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. చక్రం ఊడదీసి ట్యూబు మార్చడం ముగ్గురికీ వచ్చాకే ఒంగోలు దాటండి.

మీలో మెల్లగా తొక్కేది ఎవరో ఆ పిల్ల ముందుండాలి. బలమైనది, అంటే నువ్వే అయి ఉంటావు, చివర రా. మలుపు తిరిగే ముందు ఇద్దరూ కంటికి ఆనాలి. అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, దాన్ని నమ్ముకోవద్దు. తప్పిపోతే వెనకున్న వాళ్ళు రోడ్డు వదలకుండా అక్కడే ఆగాలి, ముందున్న వాళ్ళు వెనక్కి రావాలి. పావుగంట చూసి రావాలి, నాలుగు గంటలు కాదు. "తిరిగిపోయి ఉంటుందిలే" అని ఎవరూ అనుకోకూడదు. ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే ముగ్గురూ కలిసే గిద్దలూరు తిరిగి రండి. మళ్ళీ వచ్చే ఏడు పోవచ్చు.

మూడోరోజు నేను కంభంలో రైలెక్కి నంద్యాల వచ్చేస్తాను. స్టేషన్ బయట మెట్ల దగ్గర కూర్చుంటాను. ఎంతసేపైనా ఫరవాలేదు, సద్ది కట్టుకొస్తాను. ముందు నువ్వొక్కదానివే వచ్చి "వాళ్ళు వెనక వస్తున్నారు తాతా" అనొద్దు. ముగ్గురూ ఒకేసారి కనబడాలి.

ఇట్లు,
మీ కంభం తాత