మస్కట్ అన్నారు, బీరువాలో జైలు కాగితం దొరికింది

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె, ఉద్యోగం హన్మకొండలో. నా చిన్నప్పుడు బాపు ఐదేళ్లు మస్కట్ పోయిండని అమ్మ చెప్పేది. మొన్న బీరువాలో భూమి పాసుబుక్కు వెతుకుతుంటే వరంగల్ సెంట్రల్ జైలు విడుదల కాగితం కనబడింది. అందులో ఖైదీ నంబరు, 'ఐపీసీ 304', ఏడేళ్ల శిక్ష అని ఉన్నాయి. నేను చూసినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపు హత్య చేసిండా? ఆయన ముఖం చూడలేకపోతున్నా. వచ్చే నెల వరపూజ. అబ్బాయి వాళ్లకు చెప్పాలా? నా ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అడ్డమా?
– పేరు వద్దు, హన్మకొండ

జవాబు: ముందు ఆ 304 పక్కన ఏముందో మళ్లీ చూడండి. పాత ఐపీసీలో హత్యకు 302. 304 అంటే హత్య కిందికి రాని ప్రాణనష్టం. అందులో రెండో భాగం, చంపాలన్న ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పనికి వర్తిస్తుంది. దానికి గరిష్ఠంగా పదేళ్లు. 304-ఏ అయితే నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం. దానికి రెండేళ్లు మించదు కాబట్టి మీ నాన్నగారిది అది కాదు. 304-బి అయితే వరకట్న మరణం, ఏడేళ్లకు తక్కువ శిక్ష ఉండదు. ఒక్క అక్షరంతో విషయమే మారిపోతుంది. గుమాస్తాలు ఆ అక్షరం వదిలేసి రాయడమూ ఉంటుంది. అందుకే విడుదల కాగితం చూసి నిర్ణయానికి రావద్దు, తీర్పు చదవండి.

శిక్ష ఏడేళ్లు, ఆయన లేనిది ఐదేళ్లు. ఈ తేడా చూసి ఇదీ అబద్ధమే అనుకోకండి. రిమాండులో గడిపిన కాలం శిక్షలో కలుస్తుంది, సత్ప్రవర్తనకు, చేసిన పనికి రెమిషన్ (శిక్ష తగ్గింపు) కింద రోజులు తగ్గుతాయి.

తీర్పు కోసం ముందు ఆ బీరువానే వెతకండి. జైలు శిక్ష పడినప్పుడు ముద్దాయికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి, చాలా ఇళ్లలో అది పాత బ్యాంకు కాగితాల అడుగున ఉంటుంది. లేకపోతే కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరుతో వెతకండి. పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. కేసు స్థితి 'పెండింగ్' మీద వదిలేస్తే ఏమీ రాదు, 'డిస్పోజ్డ్' ఎంచుకోవాలి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి, ఇంగ్లిషు స్పెల్లింగ్ మార్చి ఇంకోసారి చూడాలి. జిల్లా దగ్గరా తప్పుతారు. 2016లో జిల్లాలు విడిపోయాయి, కోర్టుల జిల్లాలు 2022లో మారాయి. జగిత్యాలలో లేకపోతే పాత కరీంనగర్‌లో చూడండి. సెషన్స్ కేసుకు 'ఎస్.సి.' అన్న గుర్తు ఉంటుంది, అది కులం గుర్తు కాదు. హైకోర్టులో అప్పీలు జరిగిందేమో కూడా చూడాలి. కింది కోర్టు 302 అంటే పై కోర్టు 304 చేసిన కేసులు ఎన్నో ఉన్నాయి.

పాత కేసు ఆన్‌లైన్‌లో ఎక్కకపోయి ఉండవచ్చు. అప్పుడు పోలీస్ స్టేషన్ పేరు, సంవత్సరం, ఎస్.సి. నంబరుతో కోర్టులో నకలుకు దరఖాస్తు పెట్టించాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సమాచార హక్కు కింద మీరు జైలు శాఖను అడిగితే వేరొకరి వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపవచ్చు, మీ నాన్నగారే దరఖాస్తు పెట్టుకుంటే ఆ చిక్కు రాదు. వరంగల్ జైలు దగ్గరికి పోయి అడుగుదామంటే, 2021లోనే దాన్ని ఖాళీ చేసి ఆసుపత్రికి స్థలం ఇచ్చేశారు.

చదివాక అమ్మతో మాట్లాడండి, బాపుతో కాదు. మస్కట్ కథను ఇన్నేళ్లు మోసింది ఆమె. బాపు ఎదుట అడిగితే తనను దోషిగా నిలబెట్టారని ఆమె అనుకుంటుంది. కాగితం చేతికిచ్చి "నాకు తెలిసింది, కొట్లాడ రాలేదు" అనండి. ఆయనకు ఆమెనే చెప్పనివ్వండి, ఒకరోజు ఆగండి. తర్వాత ఆయన మందు ముట్టని పూట, చుట్టాలెవరూ లేనప్పుడు కూర్చోండి. మొదటి మాటే "ఎందుకు చేసినవ్" అయితే ఆయన చెప్పేది కోర్టులో చెప్పిన జవాబే. "నన్ను విడిచిపోయిన రోజు ఏమైంది బాపు" అని మొదలుపెట్టండి. ఆయన మాట తీర్పుతో కలవకపోతే అక్కడికక్కడే పట్టుకోకండి, ఇంకోరోజు అడగండి. చనిపోయింది మీ ఇంటి మనిషో, దగ్గరి ఆడమనిషో అయితే మాత్రం ఒంటరిగా అడగవద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే, ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం కౌన్సెలర్ దొరుకుతారు. నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి-మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

అబ్బాయికి చెప్పాలి, వరపూజకు ముందే. ఊళ్లో పది మందికైనా తెలిసిన విషయం ఇది, లగ్గం నాడు ఎవరో ఒకరు ఎత్తుతారు. మధ్యవర్తితో చెప్పించకండి, ఫోన్లో వద్దు. సెక్షన్, శిక్ష, విడుదలైన సంవత్సరం: ఈ మూడు చాలు. చనిపోయినవారి వివరాలు చెప్పే అవసరం లేదు. మీరు చెప్పబోతున్నట్టు బాపుకు ముందే తెలియాలి.

పాస్‌పోర్టు, ఉద్యోగ వెరిఫికేషన్‌లో అడిగేది మీ మీద కేసులున్నాయా అని. తండ్రి పేరు గడిలో మామూలుగా ఆయన పేరు రాయండి.