గోల్ఫ్ గేమ్‌లో ఉప్పు చిత్తడి

ప్రశ్న: గోల్ఫ్ గేమ్ కోసం అమెరికాలోని హిల్టన్ హెడ్ దీవిలాంటి కోర్సు (ఆట మైదానం) తయారుచేస్తున్నాను. పక్కనున్న ఉప్పు చిత్తడి, అంటే సముద్రపు పోటు నీళ్లు ఎక్కే గడ్డి నేల, పచ్చిక మైదానంలా కనిపిస్తోంది. ఏం చేయాలండీ?

జవాబు: గడ్డంతా ఒకే ఎత్తు, ఒకే రంగు పెట్టి ఉంటారు. అక్కడి స్పార్టినా గడ్డి నీటి పాయల అంచున దాదాపు 2 మీటర్లు లేస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ మోకాలి ఎత్తుకు దిగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం ఇదే. 3 ఎత్తుల మోడళ్లు చేసి, పాయ నుంచి దూరాన్ని బట్టి నాటండి. మెరక అంచున ముదురు బూడిద రంగు జంకస్ (రెల్లులాంటి మొక్క) పెట్టండి. చిత్తడి నేల దాదాపు చదునుగానే ఉండాలి, పాయలు మాత్రం వంకరటింకరగా, బురద గట్లతో సాగాలి. నేల, నీటి తలం ఒకే ఎత్తులో ఉంటే అంచులు మిణుకుమంటాయి. 20 సెంటీమీటర్ల తేడా ఉంచండి. దూరాన గేమ్ గడ్డిని గీయడం ఆపేసిన చోట బోడి బురద బయటపడకుండా నేల టెక్స్చర్‌కూ (నేలపై పరిచే బొమ్మకూ) గడ్డి రంగే వేయండి. ఏప్రిల్ దృశ్యమైతే నిరుటి గోధుమరంగు కాడల అడుగున కొత్త పచ్చ మొలకలు తప్పనిసరి.