ఏడు నెలల ప్రార్థన, ఆ తరువాత

ఆప్తులను పోగొట్టుకున్నవారికి దేవునిపై నమ్మకం ముందు తిరిగి వస్తుందా, లేక బతకడానికి ఒక ప్రయోజనం ముందు దొరుకుతుందా అని మీరు అడిగారు. నాకు ప్రయోజనమే ముందు దొరికింది. నమ్మకం చాలా ఆలస్యంగా, నేను దాని కోసం ఎదురుచూడడం మానేసిన తరువాత వచ్చింది. ముందు నమ్మకం కుదుటపడితే ఆ తరువాత పనిలో పడవచ్చునని చెప్పేవారి మాట నాకు ఏనాడూ ఉపయోగపడలేదు, అది ఎవరికైనా ఉపయోగపడుతుందని కూడా నేను అనుకోను.

మా అమ్మ దీర్ఘకాలం జబ్బుపడి కన్నుమూసింది. ఆమె పోయిన పద్నాలుగు నెలలకు మా తమ్ముడు ఒక ఉదయం గుండె ఆగి పోయాడు. అమ్మ కోసం ఏడు నెలలు ప్రతి రాత్రీ ప్రార్థించాను. తమ్ముడి కోసం ప్రార్థించడానికి ఏడు నిమిషాలు కూడా చిక్కలేదు. అడిగితే ఇవ్వనివాడు, అడిగే వ్యవధి కూడా ఇవ్వనివాడు నాకు ఎందుకనిపించి, ఆ రోజుతో ప్రార్థన మానేశాను.

పరామర్శకు వచ్చినవారి మాటలు ఆ గాయాన్ని మరింత కెలికాయి. దుఃఖానికి అయిదు దశలు ఉంటాయని, నేను కోపం అనే దశ దాటలేకపోతున్నానని ఒక దగ్గరి బంధువు నాకు నచ్చజెప్పబోయారు. ఆ దశలను 1969లో వివరించిన మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అప్పట్లో రాసింది తమ మరణం దగ్గరపడిందని తెలిసిన రోగుల గురించి. వెనుక మిగిలినవారికి అవే మెట్లు అంటగట్టడం తరువాత వచ్చిన అలవాటు. దుఃఖించే మనిషిని ఏ మెట్టు మీద ఉన్నావని అడగడం పరీక్ష పెట్టడమే కాని ఓదార్చడం కాదు.

కిసా గోతమి కథను కూడా మనవాళ్లు అలాగే చెబుతారు. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని వచ్చిన ఆమెను, చావు ఎరుగని ఇంటి నుంచి ఆవగింజలు తెమ్మని బుద్ధుడు పంపాడు. అలాంటి ఇల్లు ఒక్కటీ దొరకలేదు. కనుక ఏడవవద్దు అని ముగిస్తారు. నాకు మాత్రం ఆమె గడప గడపకూ వెళ్లి, మీ ఇంట ఎవరు పోయారని అడిగి, వాళ్లు చెప్పింది నిలబడి విన్నదన్నదే ఆ కథలో ముఖ్యమైన సంగతిగా కనిపిస్తుంది. ఎదుటివారి దుఃఖం వినగలిగిన తరువాతే ఆమె బిడ్డను చేతుల నుంచి దించగలిగింది.

ఇది నాకు ఆలోచించగా తట్టింది కాదు. తమ్ముడు పోయిన తొమ్మిది నెలలకు, అమ్మ వాడిన చక్రాల కుర్చీని ఎవరికైనా పనికివస్తుందని ఆమెకు వైద్యం జరిగిన ఆసుపత్రికి తీసుకుని వెళ్లాను. అప్పగించి వెంటనే వచ్చేయాలన్నదే నా ఉద్దేశం. ఐసీయూ బయట బెంచీ మీద ఒక పెద్దాయన ఏదో కాగితాన్ని కళ్లకు దగ్గరగా, దూరంగా జరుపుతూ కూర్చుని ఉన్నారు. లోపల ఆయన భార్య ఉన్నారు. కంగారులో కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చారు. కొడుకు ఇంకా దారిలో ఉన్నాడు. ఆపరేషన్‌కు అంగీకరిస్తూ సంతకం చేయవలసిన కాగితం అది. చదివి పెట్టమంటే పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చదివాను. ఆయన అంతా విని, "ఇందులో ఆమె బతుకుతుందని ఎక్కడైనా రాశారా అమ్మా?" అని అడిగారు.

లేదండీ అన్నాను. ఆయన తల ఊపి, ఇంకొకసారి చదవమన్నారు. మూడుసార్లు చదివాను. ఆ తరువాత, కుర్చీ వెనుక సంచిలో ఉండిపోయిన అమ్మ కళ్లజోడు గుర్తుకు వచ్చి తీసి ఇస్తే, అది పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టుగా సంతకం చేశారు. రాత్రి కొడుకు వచ్చేవరకు ఆయన పక్కనే ఉన్నాను. మేము మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఆమె బతికారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తమ్ముడు పోయాక ఏ కల వల్లా మెలకువ రాకుండా నేను తెల్లవార్లూ నిద్రపోయినది మొదటిసారిగా ఆ రాత్రే.

మరుసటి వారం మళ్లీ వెళ్లాను. ఇప్పటికి నాలుగేళ్లుగా, అక్కడివారి అనుమతితో, వారానికి రెండు సాయంత్రాలు వెళుతున్నాను. వైద్యం గురించి నేను ఏమీ చెప్పను. కాగితాలు చదివి వినిపిస్తాను, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు మరచిపోకుండా రాసి ఇస్తాను, ఎక్కువసేపు ఊరికే కూర్చుంటాను.

మరణం దగ్గరపడినవారి సంరక్షణకు బాట వేసిన ఇంగ్లండ్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ జీవితం గురించి తెలుసుకున్నప్పుడు నాకు ఎంతో ధైర్యం కలిగింది. 1948లో లండన్‌లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ దేశస్థుడు మరణశయ్యపై ఉండగా ఆమె ఆయనకు తోడుగా నిలిచారు. అలాంటి రోగుల కోసం ఆమె కట్టబోయే ఇంట్లో తాను ఒక కిటికీనై ఉంటానంటూ ఆయన 500 పౌండ్లు ఆమెకు వదిలి వెళ్లారు. ఆ దుఃఖంలోంచి లేచి ఆమె వైద్యవిద్య చదివి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అనే ఆ ఇంటిని తెరిచారు. ఆమెకు దైవవిశ్వాసం 1945 నుంచే ఉంది. అయినా ఆ విశ్వాసం ఏ పని చేయాలో ఆమెకు చూపింది ఆ మరణమేనని నా గట్టి నమ్మకం.

ఒక మాట తప్పకుండా చెప్పాలి. నెలలు గడిచినా లేవలేని, తినలేని, చనిపోవాలనిపించే స్థితి ఉంటే వైద్యసహాయం తీసుకోండి. ఎడతెగని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధుల వర్గీకరణలో చికిత్స అవసరమైన స్థితిగా చేర్చింది. నేనూ కొంతకాలం మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లాను, అందువల్ల నా నమ్మకానికి ఏ లోటూ రాలేదు.

నమ్మకం ఎప్పుడు వచ్చిందంటారా? రెండో ఏడాది ఒక రాత్రి ఇంటికి తిరిగి వస్తూ, ఆ సాయంత్రం కాగితంలో పేరు చూసిన ఒక స్త్రీ కోసం ప్రార్థిస్తున్నానని సగంలో గమనించాను. ఆమెను బతికించమని అడగడం లేదు. బయట ఎదురుచూస్తున్న ఆమె కూతురు ఈ రాత్రి ఒంటరిగా ఉండకూడదని అడుగుతున్నాను. అడగడం ముగియకముందే వెనక్కి తిరిగి ఆసుపత్రికి నడిచాను. అమ్మ కోసం ప్రార్థించిన ఏడు నెలల్లోనూ ఎవరో ఒకరు నా పక్కన కూర్చునే ఉన్నారని, వారి ముఖాలను నేను సరిగా చూడనే లేదని, ఆ దారిలోనే నాకు తట్టింది. వారు ఒక్కొక్కరుగా గుర్తుకు వచ్చారు.