ఇంగ్లండ్‌లో ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పని: చైల్డ్‌మైండరా, నానీయా?

ప్రశ్న: మావారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్‌లో చేస్తున్నారు, నేను డిపెండెంట్‌ని. వచ్చి ఏడాదిన్నర అయింది. ఇండియాలో బీఈడీ చేసి మూడేళ్ళు టీచర్‌గా చేశాను. మా బాబుకి రెండేళ్ళు. ఇక్కడి ఫ్రెండ్స్ ఇద్దరు వాళ్ళ పిల్లల్ని (ఒకరికి మూడేళ్ళు, ఇంకొకరికి పది నెలలు) మా ఇంట్లో వదిలి డ్యూటీకి వెళ్తాం, డబ్బులిస్తాం అంటున్నారు. రిజిస్టర్ అవ్వాలా? నానీగా వెళ్తే మంచిదా?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆ పిల్లల్ని మీ ఇంట్లో పెట్టుకోకండి. ఫ్రెండ్సే కదా, చేతికే ఇస్తారు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుని మొదలెట్టేస్తుంటారు. కానీ మీ ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని డబ్బు తీసుకుని రోజుకి రెండు గంటలకి మించి చూస్తే ఆఫ్‌స్టెడ్ (స్కూళ్ళనీ, పిల్లల్ని చూసుకునే చోట్లనీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) దగ్గర గానీ చైల్డ్‌మైండర్ ఏజెన్సీ దగ్గర గానీ రిజిస్టర్ అయి తీరాలి, చైల్డ్‌కేర్ యాక్ట్ 2006 ప్రకారం అవ్వకుండా చేస్తే నేరం. డబ్బు బదులు సరుకులు కొనిచ్చినా అదే లెక్క. (ఇదంతా ఇంగ్లండ్ మాట, స్కాట్లాండ్, వేల్స్‌లో రిజిస్టర్ చేసే సంస్థలు వేరు.)

ఇంక తేడా ఏంటంటే చైల్డ్‌మైండర్ అంటే పిల్లలు మీ ఇంటికొస్తారు, మీది సొంత వ్యాపారం, రేటు మీరే పెట్టుకుంటారు, పన్ను లెక్కలు మీరే హెచ్‌ఎంఆర్‌సీకి (ఇక్కడి పన్నుల శాఖ) చూపించుకోవాలి. నానీ అంటే మీరే వాళ్ళింటికెళ్ళాలి, మామూలుగా మీరు ఆ కుటుంబానికి ఉద్యోగి, వాళ్ళు పేస్లిప్ ఇవ్వాలి, సెలవులివ్వాలి, మినిమమ్ వేజ్‌కి తగ్గకూడదు (21 దాటినవాళ్ళకి 2025 ఏప్రిల్‌లో గంటకి 12.21 పౌండ్లు చేశారు). స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్‌కి సొంతంగా చేసుకోడానికి కూడా పర్మిషన్ ఉంటుంది, అయినా మీ ఈవీసాలో షరతులు ఒకసారి చదువుకోండి. స్టూడెంట్ వీసా వాళ్ళకి మాత్రం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కుదరదు, మిమ్మల్ని చూసి ఎవరైనా మొదలెడతామంటే ఆ సంగతి చెప్పండి.

బాబుని వదలక్కర్లేదు కాబట్టి మీకు చైల్డ్‌మైండరే నయం అని నా అభిప్రాయం. కానీ చాలామంది బోల్తా పడేది లెక్క దగ్గర. ఒక్కరే ఉండి చూసేటప్పుడు ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళు ఆరుగురికి మించకూడదు, అందులో ఐదేళ్ళ లోపు చిన్నోళ్ళు ముగ్గురే, ఆ ముగ్గురిలో ఏడాది నిండనిది మామూలుగా ఒక్కరే. మీ బాబు కూడా ఆ ముగ్గురిలో ఒకడు! అంటే మీకు డబ్బొచ్చే చిన్నపిల్లలు ఇద్దరే, మీ ఫ్రెండ్స్ పిల్లలతో సీట్లు నిండిపోయినట్టే. ఆపైన ఆదాయం పెరగాలంటే స్కూల్ అయ్యాక వచ్చే పెద్ద పిల్లల్ని తీసుకోవాలి.

ఫండింగ్ సంగతి కూడా ముందే తెలుసుకోండి. 2025 సెప్టెంబర్ నుంచి ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకి తొమ్మిది నెలల పిల్లల నుంచే వారానికి 30 గంటలు (ఏడాదిలో 38 వారాలు) గవర్నమెంట్ కడుతోంది, రిజిస్టర్డ్ చైల్డ్‌మైండర్ దగ్గర కూడా వాడుకోవచ్చు. అయితే భార్యాభర్తల్లో ఒక్కరికైనా పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయాలు) తీసుకునే హక్కు ఉండాలి, మీ ఫ్రెండ్స్ ఇద్దరూ మీలాగే వర్క్ వీసా మీద ఉంటే వాళ్ళకి ఈ 30 గంటలు రావు (మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉండే 15 గంటలు మాత్రం వీసా ఏదైనా వస్తాయి), మిగతాది జేబులోంచే ఇవ్వాలి, కాబట్టి రేటు మాట్లాడేటప్పుడు మొహమాటపడకుండా తేల్చుకోండి. ఇంకోటి, సొంత బిడ్డని మీరే చూసుకుంటూ వాడి పేరు మీద ఫండింగ్ తీసుకోవడం ఎలాగూ కుదరదు.

పేపర్లకొస్తే, అప్లికేషన్ ఫీజు 35 పౌండ్లే, ఖర్చంతా చుట్టూ ఉంటుంది. 12 గంటల పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు (మూడేళ్ళకోసారి రెన్యువల్), ఇన్సూరెన్స్, హెల్త్ డిక్లరేషన్, మీకూ ఇంట్లో 16 దాటిన ప్రతి ఒక్కరికీ డీబీఎస్ (నేర చరిత్ర ఉందేమో చూసే తనిఖీ). గత ఐదేళ్ళలో వేరే దేశంలో ఉన్నారు కాబట్టి ఇండియా పోలీస్ క్లియరెన్స్ కూడా కావాలి, మీవారికి కూడా, అది మొదట్లోనే పెట్టేయండి ఎందుకంటే ఆలస్యమయ్యేది అదే. అత్తగారో అమ్మగారో ఆర్నెల్లు ఉండటానికి వస్తున్నారంటే ముందే ఆఫ్‌స్టెడ్‌ని అడగండి, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళ చేత ఊళ్ళో పిల్లల్ని చూపించకూడదు కూడా. అద్దె ఇల్లయితే ఓనర్ పర్మిషన్ రాతలో తీసుకోండి.

బీఈడీ ఉండాలని రూల్ లేదు, ఉంటే మంచిదే, కానీ ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి అడిగేది డిగ్రీ గురించి కాదు. ఈవైఎఫ్ఎస్ (చిన్నపిల్లల సంరక్షణకి, చదువుకి గవర్నమెంట్ పెట్టిన నియమాలు) ఎంత అర్థమైంది, పిల్లాడి ఒంటి మీద దెబ్బ కనిపిస్తే ఏం చేస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు, ఇలా ఉంటాయి ప్రశ్నలు. ఇల్లు కూడా చూస్తారు. సింక్ కింద అరలో బ్లీచ్ డబ్బా ఉంటే దానికి లాక్ ఉందా, మెట్లకి గేట్ ఉందా, టీ కప్పు చిన్నోడికి అందే ఎత్తులో పెడతారా. ద్రాక్షపండు ఎలా కోస్తారంటే అడ్డంగా రెండు ముక్కలు అనకండి, అలా కోస్తే గుండ్రంగానే ఉండి గొంతుకి అడ్డం పడుతుంది, నిలువుగా నాలుగు చీలికలు చేయాలి, పిల్లలు తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చోవాలి, ఆ టైంలో వంటింట్లోకెళ్ళి తాలింపు పెట్టుకుంటా అంటే ఒప్పుకోరు.

ఇదంతా అవ్వడానికి మూడు నెలలు, పేపర్లు లేటయితే ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఫ్రెండ్స్ అన్నాళ్ళు ఆగలేం అంటే ఒక దారుంది, ఆ ఇద్దరిలో ఒకరి ఇంట్లోనే ఇద్దరి పిల్లల్నీ మీరెళ్ళి చూడండి. పిల్లల సొంతింట్లో, రెండు కుటుంబాల వరకైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ బాబుని వెంట తీసుకెళ్తానని ముందే అడిగి ఒప్పించుకోండి, జీతం పేస్లిప్ మీదే తీసుకోండి. ఈలోగా వీకెండ్స్‌లో ఫస్ట్ ఎయిడ్ కోర్సు కానిచ్చేయండి.