అమ్మకి వాకర్ కొనేముందు

“అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారు, అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఈ వాకర్ కొనమంటారా?” అని అడిగేవాళ్లు ప్రశ్నతోపాటు ఒక ఫోటో కూడా పంపిస్తారు. చాలాసార్లు అది ఒకే రకం: నాలుగు చక్రాలు, చేతి బ్రేకులు, కూర్చోడానికి సీటు, దాని కింద సంచి. ఇక్కడ అమెరికాలో దీన్ని రోలేటర్ అంటారు. చూడ్డానికి బాగుంటుంది, రేటింగులూ బాగానే ఉంటాయి. కానీ బరువంతా చేతులమీద వేసి నడిచే మనిషికి అది పనికిరాదు. గట్టిగా ఆనుకుంటే ముందుకి పరిగెడుతుంది, మనిషి వెనకబడిపోతారు.

కాబట్టి ముందు వస్తువుని కాదు, నడకని చూడండి. ఇండియాలో ఉండగానే వీడియో కాల్ చేసి, నాన్నగారిని ఫోన్ పట్టుకోమని, అమ్మగారిని వంటింట్లోంచి వాకిలి దాకా వెళ్లి వెనక్కి రమ్మనండి. వెనక్కి తిరిగేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. గోడ పట్టుకుంటున్నారా? ఒక కాలు మీద బరువు వెయ్యకుండా కుంటుతున్నారా? నడక బాగానే ఉండి, సగం దూరంలో ఆయాసంతో ఆగిపోతున్నారా? ఈ మూడింటికీ మూడు వేరే సమాధానాలు.

ఒక మోకాలే ఇబ్బంది, అదీ కొంచెమే అయితే మామూలు చేతికర్ర చాలు. మనవాళ్లలో చాలామంది నొప్పి ఉన్న కాలివైపే కర్ర పట్టుకుంటారు. అది తప్పు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కర్రా కుడికాలూ కలిసి ముందుకి పడాలి. పక్షవాతం వచ్చి ఒకవైపు బలం తగ్గినవాళ్లకి నాలుగు కాళ్ల కర్ర బాగుంటుంది. అయితే ఆ నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకి ఆనాలి; హడావిడిగా నడిచేవాళ్ల చేతిలో అదే తడబాటుకి కారణమవుతుంది.

రెండు కాళ్లలోనూ బలం లేకపోయినా, మోకాలి ఆపరేషన్ ఈమధ్యే అయినా, ముందు రెండు చక్రాలు, వెనక రబ్బరు కాళ్లు ఉన్న వాకర్ తీసుకోండి. బరువు వేస్తే నిలబడుతుంది, తోస్తే కదులుతుంది. ఇండియాలో మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికే చక్రాల్లేని అల్యూమినియం వాకర్ కూడా నమ్మకమైనదే. కాకపోతే ప్రతి అడుగుకీ ఎత్తి పెట్టాలి, భుజాలు లాగేస్తాయి. ఇంట్లో నాలుగడుగులకి సరే, కాస్ట్‌కో లాంటి పెద్ద స్టోర్లో తిరగడానికి కష్టం.

మరి రోలేటర్ ఎవరికి? నడక నిలకడగా ఉండి, తొందరగా అలిసిపోయేవాళ్లకి. పార్కులో కాస్త దూరం నడిచి, దాని సీటు మీదే కూర్చుని, మళ్లీ లేచి నడవొచ్చు. కూర్చునే ముందు రెండు బ్రేకులూ కిందకి నొక్కి లాక్ చెయ్యడం అలవాటయ్యేదాకా పక్కన మీరుండాలి. దానిమీద మనిషిని కూర్చోబెట్టి తొయ్యకూడదు. అది వీల్‌చెయిర్ కాదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకైతే ఫిజికల్ థెరపిస్టుని అడక్కుండా కొనొద్దు.

ఇక కొలత. మన అమ్మల ఎత్తు చాలావరకు ఐదడుగులకి అటూ ఇటూ. ఇక్కడి మామూలు సైజు వాకర్‌ని చివరి రంధ్రం దాకా కుదించినా వాళ్లకి ఎత్తే కావచ్చు. జూనియర్ అనో పెటీట్ అనో రాసి ఉన్నది వెతకండి, పేరుకి జూనియర్ అయినా పెద్దవాళ్లదే. కొలవడం తేలిక: ఇక్కడ వేసుకోబోయే బూట్లతో నిటారుగా నిలబడి చేతులు కిందకి వదిలేస్తే, నేల నుంచి మణికట్టు మడత దాకా ఎంతుందో అదే పిడి ఎత్తు. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగాలి. భుజాలు పైకి లేస్తే ఎత్తు ఎక్కువైనట్టు, నడుం వంగితే తక్కువైనట్టు.

బూట్లు అన్నాను కదా, హవాయి చెప్పులతో వాకర్ పట్టుకుని నడవడం నాకు అస్సలు నచ్చదు. మడమ పట్టి ఉంచే బూటు కొనండి. చీర కుచ్చిళ్లు, నైటీ అంచు పాదం కిందకి రాకుండా కాస్త పైకి ఉండాలి.

టేపు తీసుకుని ఇల్లు కూడా కొలవండి. వాకర్ వెడల్పు దాదాపు రెండడుగులుంటుంది, పాత అపార్టుమెంట్లలో బాత్రూం తలుపు కూడా అంతే ఉంటుంది. తలుపు దగ్గర వాకర్ వదిలేసి సింకు పట్టుకుని లోపలికి వెళ్లే పరిస్థితి వస్తే ఎంత మంచిది కొనీ లాభం లేదు. చిన్న చిన్న రగ్గులు, పూజ దగ్గర చాప తీసేయండి. నిజానికి నన్నడిగితే వాకర్ కంటే ముందు బాత్రూంలో స్నానం చేసే టబ్ గురించి ఆలోచించమంటాను. ఆ అంచు దాటడం మోకాళ్లు బాగున్నవాళ్లకే ఇబ్బంది. సగం బయట, సగం లోపల ఉండే ట్రాన్స్‌ఫర్ బెంచి దొరుకుతుంది, దానిమీద కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. గోడ లోపలి చెక్కకి స్క్రూలతో బిగించిన గ్రాబ్ బార్, అంటే పట్టుకునే కమ్మీ, కావాలి. అద్దె ఇల్లయితే లీజింగ్ ఆఫీసులో అడగండి. టౌన్‌హౌస్ అయితే మెట్ల మీదకి వాకర్ తీసుకెళ్లకూడదు. పైన ఒకటి, కింద ఒకటి ఉంచండి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీద.

ఖర్చు విషయానికొస్తే, విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకి మామూలుగా డబ్బివ్వదు. గ్రీన్ కార్డుతో వచ్చిన తల్లిదండ్రులకి కూడా, 65 దాటినా, ఇక్కడ వరసగా ఐదేళ్లుంటేగానీ మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) కొనుక్కునే వీలుండదు. కాబట్టి చేతి డబ్బే. అయినా కొన్ని నెలల కోసం కొత్తది కొనక్కర్లేదు. చాలా ఊళ్లలో సీనియర్ సెంటర్లు, చర్చిలు, లయన్స్ క్లబ్బులు వాకర్లు, వీల్‌చెయిర్లు ఉచితంగా వాడుకోడానికిస్తాయి. మీ ఊరి పేరు పక్కన “మెడికల్ ఎక్విప్‌మెంట్ లోన్ క్లోజెట్” అని ఇంగ్లీషులో వెతకండి. పాతది తీసుకుంటే కాళ్ల చివరి రబ్బరు బుడిపెలు మాత్రం మార్చండి, అరిగితే టైల్స్ మీద జారతాయి. మిగిలిన డబ్బుతో ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లండి. పరీక్ష వరకు అన్ని రాష్ట్రాల్లోనూ డాక్టరు చీటీ లేకుండా నేరుగా వెళ్లొచ్చు. ఫీజు ఎంతో ముందే ఫోన్లో అడగండి.

తూలడం ఈమధ్యే మొదలైతే మాత్రం కర్ర కొని ఊరుకోవద్దు. బీపీ మాత్ర మోతాదు ఎక్కువై లేవగానే కళ్లు తిరగొచ్చు, సుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారొచ్చు, చూపు తగ్గి ఉండొచ్చు. ఇండియాలోనే డాక్టరుకి చూపించి రమ్మనండి.

“కర్ర పట్టుకునేంత ముసలిదాన్నయిపోయానా?” అని అమ్మగారు మొండికేస్తే ట్రెకింగ్ పోల్ ఇచ్చి చూడండి. చాలామంది దాన్ని అభ్యంతరం లేకుండా పట్టుకుంటారు. చేతికర్రంత బరువు ఆపదు, కానీ కాస్త తూలేవాళ్లకి ఆసరాగా ఉంటుంది. గరాజ్‌లో మూలపడి ఉన్న ఖరీదైన వాకర్ కంటే ఇది నయం. మంచు పడే ఊరైతే కర్ర చివర తగిలించే ఐస్ టిప్ తీసుకోండి. లోపలికి రాగానే దాని ముళ్లు పైకి మడవాలి, లేకపోతే గచ్చు మీద అదే జారుతుంది.

ప్రయాణానికి టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్స్ వాళ్లని వీల్‌చెయిర్ సాయం అడగండి, డబ్బు తీసుకోరు. మెట్లు ఎక్కలేరని స్పష్టంగా చెప్పండి, దానికి వేరే కోడ్ ఉంది. అమెరికా వచ్చే, ఇక్కణ్ణుంచి వెళ్లే విమానాల్లో వాకర్, కర్ర లగేజీ లెక్కలోకి రావు. చెకిన్ కౌంటర్లో ఇచ్చేయకుండా గేటు దాకా తీసుకెళ్లి, కేబిన్‌లో పట్టకపోతే అక్కడే ట్యాగ్ వేయించండి. మడిచాక విడిపోకుండా వెల్క్రో పట్టీ ఒకటి చుట్టి, మీ ఫోన్ నంబర్ అతికించండి.