తమిళం మాట్లాడించబోయే స్వాతికి

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

సింగపూర్ బడిలో తెలుగు లేక తమిళం చదువుకున్నదానివి, ఇప్పుడు అక్కడి కుర్రకారు చేత తమిళం మాట్లాడించే పని నెత్తికెత్తుకున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది. ఏప్రిల్‌లో తమిళ భాషా ఉత్సవానికి పిల్లల్ని వేదికెక్కించి అక్కడితో ఆపేస్తావేమోనని. వక్తృత్వ పోటీలకు వచ్చేది ఎలాగూ మాట్లాడగలిగినవాళ్లే. 2020 జనగణన నాటికే సింగపూర్ నివాసుల్లో ఇళ్లలో ఎక్కువగా తమిళం మాట్లాడేవాళ్లు 2.5 శాతం. నీకు కావలసింది నోరు విప్పని పిల్లలు. మే నెలలో మొదలుపెట్టు.

గుంపుకి ఆరుగురు, మించితే ఎనిమిదిమంది. వారానికోసారి ముప్పావుగంట. రోజూ అరనిమిషం వాయిస్ మెసేజ్. టైపు చేయమనకు, తమిళ కీబోర్డు దగ్గరే సగంమంది ఆగిపోతారు.

దిద్దడం సంగతి మాత్రం నిదానంగా చదువు, అందరూ పాడుచేసేది ఇక్కడే. తమిళంలో రాత వేరు, మాట వేరు. 'కావాలి', 'ఉంది' అనడానికి పుస్తకంలో 'వేండుం', 'ఇరుక్కిఱదు'. నోట్లో 'వేణుం', 'ఇరుక్కు'. పాఠంలో నేర్చింది కొట్లో అప్పజెప్తే నవ్వుతారు, ఇంటిమాట క్లాసులో అంటే తప్పంటారు. రెండుచోట్లా దెబ్బతిన్న పిల్ల ఇంగ్లీషులోకి జారుకోక ఏం చేస్తుంది? మనకు వ్యావహారికం కోసం గిడుగువారు ఎంత పోరాడారో తెలుసుగా. సింగపూర్‌లోనూ 2005లో పాఠ్యప్రణాళిక సమీక్ష సంఘం బడిలో మాట్లాడే తమిళానికి చోటివ్వమంది. నువ్వు పుస్తకభాష అడగకు.

కుర్రాడు 'నేత్తు పోఱేన్' (నిన్న వెళ్తున్నాను) అన్నాడనుకో. నిన్నటి సంగతికి 'పోనేన్' అనాలి. ఆపి వ్యాకరణం చెప్పావా, చెప్పబోయింది మరిచిపోతాడు. 'ఓ, నేత్తు పోనియా? యారు కూడ?' (ఓ, నిన్న వెళ్లావా? ఎవరితో?) అని అడుగు. సరైన రూపం చెవిన పడుతుంది, కబురూ సాగుతుంది. 'బస్ మిస్ పణ్ణిట్టేన్' (బస్ మిస్ చేసేశాను) అంటే సంతోషించు, ముగింపు తమిళంలోనే పడింది. ఒకరి ఉచ్చారణకి మరొకరు నవ్వితే మాత్రం ఊరుకోకు తల్లీ. ఒక్క నవ్వుకి నెలల తరబడి నోరు మూసుకునే వయసది.

నాలుగోవారం లిటిల్ ఇండియాలో తిండికొట్లుండే తెక్కా సెంటర్‌కి తీసుకెళ్లు. పిల్లలు తడబడినా ఇంగ్లీషులోకి మారొద్దని కొట్టాయనకు ముందురోజే చెప్పుకో. భోజనాల వేళ వద్దు, వెనక వరుస పెరిగితే ఎవరికైనా కంగారే. మూడింటికి వెళ్లండి. 'అణ్ణే, రెణ్డు తోసై కట్టి కుడుంగ' (అన్నా, రెండు దోసెలు కట్టివ్వండి) అని అందరూ అనేస్తారు. ఆయన 'సాంబారా, చట్నియా?' అని ఎదురడిగినప్పుడే బిగుసుకుపోతారు. అలాంటి ఎదురుప్రశ్నలు ఓ నాలుగు క్లాసులోనే ఆడించి తీసుకెళ్లు.

రెండోవారం రానివాళ్లకి నువ్వే ఫోన్ చెయ్యి, వాళ్ల అమ్మలకి కాదు. ఎంతమంది తిరిగొచ్చారో నాకు రాయి.

మీ పెద్దమ్మ