అమ్మ కోపానికి నువ్వు బదులు చెప్పక్కర్లేదు

“నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాల మీద పని. తీరికవేళ ఒక సైన్స్ ఫిక్షన్ ప్రేమకథ సీరియల్‌గా రాస్తున్నాను. నాయిక అంగారకుడి మీద పరిశోధన చేస్తోంది. తిరుగు నౌక బయలుదేరబోతోంది. అది తప్పితే మళ్లీ 26 నెలలకే. ప్రేమించినవాడు భూమ్మీద ఎదురుచూస్తున్నాడు. రావాలా, ఉండిపోవాలా? ముగింపు తోచడం లేదు. ఈలోగా నాకే అంటార్కిటికాలోని మన దేశ పరిశోధన కేంద్రం ‘భారతి’లో ఏడాది పైగా పనిచేసే అవకాశం వచ్చి మూడు వారాలైంది. నాలుగేళ్లుగా ప్రేమిస్తున్న అతనికి ఇంకా చెప్పలేదు. అమ్మకి ఆరోజే చెప్పాను. నాన్న బదిలీల వల్ల అమ్మ టీచరు ఉద్యోగం వదులుకుంది. ‘నాలా వంటింట్లో మగ్గిపోకు, వెళ్లు. మగాళ్లంతా ఒకటే’ అంటోంది. అమ్మ బాధ చూస్తే నాకు ఏడుపొస్తుంది.”

నీ నాయిక ఏం చెయ్యాలో నేను చెప్పను. నాయిక సంగతి నిన్ను నిద్రపోనివ్వనంత పెద్దది కాదు.

అంగారకుడి నుంచి మాట ఇక్కడికి చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. నువ్వు ఒకే ఊళ్లో ఉండి మూడు వారాలుగా ఆ అబ్బాయికి ఒక్క మాట చేర్చలేకపోయావు. ఎందుకో తెలుసా తల్లీ? అతను “వద్దు” అంటే మీ నాన్నలా కనిపిస్తాడని భయం. అమ్మ మాటే నిజమైపోతుందని భయం. అందుకే అడగకుండానే అతని తరఫున జవాబు నువ్వే రాసేసుకుంటున్నావు. నాలుగేళ్లు నమ్మిన మనిషికి ఇంతకన్నా అవమానం ఉండదు.

మీ అమ్మకి జరిగింది అన్యాయమే. ఆ విషయంలో నేను పూర్తిగా ఆవిడ పక్షం. కానీ ఆవిడ నిలదీయాల్సిన మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన్ని అడగని ప్రశ్నని కూతురి భుజాన పెట్టి మంచుఖండానికి పంపడం ఏం న్యాయం? తల్లి కన్నీళ్లు తుడవడం బిడ్డ ధర్మమే, ఒప్పుకుంటాను. ఆవిడ కాపురం లెక్క తేల్చడం మాత్రం నీ పని కాదు.

ఇక వెళ్లడమా మానడమా అంటావా, ఒకవేళ అమ్మ వద్దని ఉన్నా నీకు వెళ్లాలనే అనిపించేదైతే వెళ్లు. ఇస్రోకి చెందిన మంగళా మణి గారు 56 ఏళ్ల వయసులో అదే భారతి కేంద్రంలో 403 రోజులు ఉండి 2017 డిసెంబరులో తిరిగొచ్చారు. 23 మంది బృందంలో ఆవిడొక్కరే స్త్రీ. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదన్న తొందర నీకెవరు పెట్టారో ఆలోచించుకో.

ఈ ఆదివారం అతన్ని కలిసి చెప్పు. అతను ఏమన్నా సరే, ఆ రాత్రే అమ్మకి ఫోన్ చెయ్యకు. ఒక వారం పాటు ఆ జవాబుని నీ దగ్గరే ఉంచుకో.